చార ఎవరి కంటికి, ఎంత దూరం నుంచి: ఒక ప్రాజెక్టు డైరీ

1వ రోజు

జీబ్రాకు చారలు ఎందుకున్నాయని ఎవరైనా అడిగితే, గుంపుగా పరిగెత్తేటప్పుడు అందరి చారలూ కలగలిసిపోయి సింహానికి ఏ జంతువు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోతుందని నేను చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చాను. ఆ జవాబును నేను ఎన్నడూ పరీక్షించలేదు. ఈ ప్రాజెక్టులో చేయదలచుకున్నది ఆ పరీక్షే. అడవికి వెళ్ళే అవకాశం గాని, ప్రయోగశాల గాని నాకు లేవు. కాగితం, కొలటేపు, కొంత గుడ్డ, ఒక కంప్యూటరు, ఫోనులోని కెమెరా ఉన్నాయి. వీటితో ఎంతవరకు తేలుతుందో అంతవరకు చూసి, మిగిలిన చోట పరిశోధకులు కొలిచి పెట్టిన విషయాలను ఆధారం చేసుకుంటాను.

మొదటగా ప్రశ్నను రెండుగా విడదీయవలసి వచ్చింది. చార చర్మం మీద ఎలా ఏర్పడుతుంది అన్నది ఒకటి. అలా ఏర్పడిన చార తరతరాలుగా ఎందుకు నిలిచింది అన్నది రెండవది. ఈ రెండింటినీ ఒకే జవాబులో కలిపేయడం వల్లనే చాలా చర్చలు తికమకగా మారతాయని నాకు అనిపిస్తుంది. ముందు రెండవదానితో మొదలుపెడుతున్నాను.

3వ రోజు

ఒక మిల్లీమీటరు నలుపు, ఒక మిల్లీమీటరు తెలుపు చొప్పున అరచేతి వెడల్పున చారలను అట్ట మీద ముద్రించి, గోడకు అతికించి, ఒక్కో అడుగూ వెనక్కు వేస్తూ చూశాను. రెండు మీటర్ల దగ్గర ప్రతి గీతా విడిగా కనిపించింది. మూడు మీటర్ల దగ్గరకు వచ్చేసరికి గీతలు వణికినట్లయ్యాయి. మరికొంత వెనక్కు జరగగానే అట్ట మొత్తం ఒకే బూడిద రంగు ముక్కగా మారిపోయింది. గీతలు అక్కడే ఉన్నాయని మనసుకు తెలుసు, కన్ను మాత్రం ఒప్పుకోదు. ముందుకు ఒక అడుగు వేయగానే అవి మళ్ళీ లేచి నిలబడతాయి.

లెక్క కూడా దీనికి సరిపోతుంది. ఆరోగ్యవంతమైన మనిషి కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు విడదీసి చూడగలదు. ఒక మిల్లీమీటరు గీత ఆ కోణానికి కుదించుకుపోయే దూరం సుమారు 3.4 మీటర్లు. అదే నిష్పత్తిలో రెండు సెంటీమీటర్ల చార అయితే మనకు దాదాపు 69 మీటర్ల వరకు చారగానే కనిపిస్తుంది. సింహం, హైనాల చూపు చీకటిలో మనకంటే ఎంతో మేలైనదే కాని, సూక్ష్మమైన వివరాలను విడదీసే శక్తి మనకంటే తక్కువ. 2016లో పరిశోధకులు అమండా మెలిన్, టిమ్ కారో తదితరులు ఈ జంతువుల చూపును లెక్కలోకి తీసుకుని జీబ్రా చిత్రాలను పరిశీలించారు. పగటి వెలుగులో 50 మీటర్లు, సంధ్యవేళలో 30 మీటర్లు దాటితే వేటాడే జంతువులకు చారలు విడిగా కనిపించడం కష్టమని, వెన్నెల లేని రాత్రి అయితే 9 మీటర్లకే అవి చెరిగిపోతాయని వారు తేల్చారు.

ఇక్కడ నా పాత జవాబు కొంత కదిలింది. చారలు కనిపించేంత దగ్గరకు వచ్చేసరికి సింహానికి జీబ్రా వాసన, అడుగుల చప్పుడు ఎలాగూ తెలిసిపోయి ఉంటాయి. చారలు కనిపించనంత దూరంలో ఉన్నప్పుడు అది బూడిద రంగు జంతువుగా, మైదానంలోని తక్కిన జంతువుల్లాగే కనిపిస్తుంది. అంటే దాచిపెట్టవలసిన దూరంలో చార లేనట్టే లెక్క. బహిరంగ మైదానంలో ఈ చారలు రక్షణ ఇవ్వలేవని డార్విన్ 1871లోనే రాశాడు. సంధ్య వెలుగులో నీటికి వచ్చే జీబ్రాను చారలు కనిపించకుండా చేస్తాయని అతని సమకాలికుడైన ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ పక్షం. డార్విన్ సందేహమే బలమైనదని నా అట్ట ముక్క చెబుతోంది.

5వ రోజు

పులి విషయం వేరు, దాన్ని ఈ రోజే ముగించేస్తాను. పులి వేటగాడు, అది కనిపించకుండా ఉండవలసింది జింకకు, అడవి పందికి. ఆ జంతువుల కళ్ళలో రంగును గుర్తించే కణాలు రెండు రకాలే ఉంటాయి, మనకు మూడు. ఒక పులి ఫొటోను తీసుకుని, కంప్యూటరులో ఎరుపు, ఆకుపచ్చ విలువలను కలిపి ఒకటిగా మార్చి చూశాను. మండే నారింజ రంగు కాస్తా చుట్టూ ఉన్న ఆకుల రంగులోకి జారిపోయింది. నిలువు నల్ల చారలు గడ్డి నీడల మధ్య ఇమిడిపోయాయి. పాలిచ్చే జంతువుల వెంట్రుకలలో ఆకుపచ్చ వర్ణకం తయారు కాదు. కాని చూసే కంటికి నారింజే ఆకుపచ్చగా తోచినప్పుడు దాని అవసరం ఏముంది? పులి చార దాచడానికే అని ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు. ఒకే రూపం ఉన్నంత మాత్రాన రెండు జంతువులలోనూ కారణం ఒకటే కానక్కరలేదని మాత్రం ఇక్కడే గుర్తు పెట్టుకుంటున్నాను.

8వ రోజు

సింహం కన్ను కాకపోతే మరెవరి కన్ను? ఈ ప్రశ్న దగ్గరే ప్రాజెక్టు దారి మళ్ళింది.

జోరీగ అన్న పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు; చెవి దగ్గర రొద పెట్టే దాన్ని ఆ పేరుతోనే తిట్టుకుంటాం. అయితే పశువులకు దాని రొద కాదు, దాని కాటే బాధ. రక్తం తాగేది ఆడ ఈగ మాత్రమే. సూదిలా గుచ్చి తాగే దోమలా కాక, అది చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. ఆఫ్రికాలో జోరీగలతో పాటు సెట్సీ ఈగలు కూడా ఉన్నాయి. ఇవి ట్రిపనోసోమ్ జాతి సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బులను గుర్రం జాతి జంతువులకు చేరవేస్తాయి. జీబ్రా వెంట్రుకలు కురచ, పలుచన. అందువల్ల ఈగ నోటికి చర్మం సులువుగా అందుతుంది.

ఇప్పుడు మూడవ రోజు లెక్కనే ఈగ కంటికి వర్తింపజేశాను. ఎన్నో చిన్న కళ్ళు కలిసి ఏర్పడిన కీటకాల సంయుక్త నేత్రం మన కన్నులా అరవయ్యో వంతు డిగ్రీని చూడలేదు. పెద్ద ఈగలలో దాని స్పష్టత సుమారు ఒక డిగ్రీ చుట్టూ ఉంటుందనుకుందాం. అప్పుడు మూడు సెంటీమీటర్ల చార దానికి చారగా కనిపించడం మొదలయ్యేది ఒకటిన్నర, రెండు మీటర్ల లోపలికి వచ్చాకనే. అంతకు ముందు దానికీ అది బూడిద రంగు జంతువే. అంటే ఈగ ఆ జంతువును వెతుక్కుని రావడాన్ని చార ఆపలేదు. ఆపగలిగితే వాలబోయే చివరి క్షణాల్లోనే ఆపాలి. ఈ ఒక్క ఊహను పరీక్షించడానికి నాకు సింహాలు అక్కరలేదు, ఒక పశువుల పాక చాలు.

10వ రోజు

సైకిలు మీద వెళ్ళగలిగినంత దూరంలో, చెరువుకు దగ్గరగా ఉన్న ఒక పాక దొరికింది. తడి నేల జోరీగల పిల్లపురుగులకు అనువైన చోటు కాబట్టి ఈగలకు కొరత లేదు. పాక చూసుకునే పెద్దాయన ముందు నవ్వి, తరువాత అనుమతి ఇచ్చారు.

మూడు చెక్క పలకలకు రంగులు వేశాను: ఒకటి పూర్తిగా నలుపు, ఒకటి పూర్తిగా తెలుపు, మూడవదానికి నాలుగు సెంటీమీటర్ల చారలు. పైన వాసన లేని, ఆరిపోని జిగురు పూసి, పాక బయట ఒకే ఎత్తులో నిలబెట్టాను. హంగరీకి చెందిన గాబోర్ హోర్వాత్, స్వీడన్‌కు చెందిన సుజాన్ ఓకెసన్ తదితరులు 2012లో ప్రచురించిన ప్రయోగాలలో ఇలాంటి జిగురు పూసిన పలకలను, నమూనా బొమ్మలను వాడారు. చారలున్నవాటికి నల్లవాటి కంటేనే కాదు, తెల్లవాటి కంటే కూడా తక్కువ జోరీగలు అంటుకున్నాయని వారు చూపారు. నలుపు, తెలుపు కలిస్తే ఫలితం ఆ రెండింటికీ మధ్యలో ఉండాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. ఆ మధ్యలో లేకపోవడమే అసలు విశేషం.

13వ రోజు

మూడు రోజుల పలకలను తీసి చూస్తే నల్ల పలకకు అంటుకున్న ఈగలు కుప్పలుగా ఉన్నాయి, చారల పలకకు చాలా తక్కువ. సంతోషించవలసిందే కాని, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు పలకలను పక్క నుంచి చూసి నా తప్పు తెలుసుకున్నాను. జిగురు పూసిన నల్ల పలక నీటి మడుగులా మెరుస్తోంది.

ఇది చిన్న విషయం కాదు. నున్నని నల్లటి తలం నుంచి ప్రతిఫలించే వెలుతురు బాగా ధ్రువీకృతమవుతుంది, అంటే దాని కంపనాలు ఎక్కువగా ఒకే దిశలో ఉంటాయి. మన కంటికి ఆ తేడా తెలియదు కాని, జోరీగలు దాన్ని చూడగలవు. నీటిని వెతుక్కోవడానికి అవి వాడుకునే గుర్తు అదే. ముదురు రంగు పశువును కనుక్కోవడంలోనూ అది తోడ్పడుతుందని హోర్వాత్ బృందం చూపింది. నా నల్ల పలక నలుపు వల్ల ఈగలను పిలిచిందా, మెరుపు వల్ల పిలిచిందా? చారల పలకకు తక్కువ రావడానికి చారలు కారణమా, మెరిసే నల్లని వైశాల్యం సగానికి తగ్గడం కారణమా? ఈ పలకలతో వీటిని విడదీసే మార్గం లేదు. పైగా జిగురు వాలిన ఈగలనే లెక్కపెడుతుంది, వచ్చి వాలకుండా వెళ్ళినవాటిని లెక్కపెట్టదు. నా ఊహ మొత్తం ఆ రెండింటి మధ్య తేడా మీదే ఆధారపడి ఉన్నప్పుడు, జిగురు పలక తప్పు పనిముట్టు. మూడు రోజుల పనిని పక్కన పెట్టేశాను.

17వ రోజు

కొత్త ఏర్పాటు ఇది. మెరుపు లేని నూలు గుడ్డతో ఆవు వీపు మీద నుంచి రెండు పక్కలకూ జారేలా నాలుగు కప్పులు కుట్టించాను: నలుపు, తెలుపు, నాలుగు సెంటీమీటర్ల నలుపు తెలుపు చారలు, నాలుగవది బూడిద రంగు. ఈ నాలుగవ గుడ్డే నాకు అన్నిటికంటే ముఖ్యం. దూరం నుంచి ఈగకు చారల గుడ్డ బూడిద గుడ్డలాగే కనిపించాలి. కనుక రెండింటి దగ్గరకూ వచ్చే ఈగలు ఇంచుమించు సమానంగా ఉండి, వాలే ఈగలు మాత్రం వేరుగా ఉంటే నా ఊహ నిలుస్తుంది. రెండూ తగ్గితే పడిపోతుంది.

సరైన బూడిదను ఎంచుకోవడానికి చారల గుడ్డను పెరట్లో ఆరవేసి, అది కలిసిపోయేంత దూరం వెళ్ళి, పక్కన ఒక్కో బూడిద ముక్కనూ వేలాడదీసి పోల్చాను. దగ్గర నుంచి చూసి నడిమి రంగు అనుకున్నది దూరం నుంచి చాలా ముదురుగా తేలింది. చివరకు నేను ఊహించినదానికంటే ఎంతో లేత బూడిద సరిపోయింది.

ఒకే ఆవు, ఒకే పూట, ఒక్కో గుడ్డ అరగంట. ప్రతి పూటా గుడ్డల వరుస మార్చాలి. లేకపోతే ఎండ ముదిరినకొద్దీ ఈగలు పెరగడాన్ని గుడ్డ ప్రభావంగా పొరబడతాం. ఉతికేటప్పుడు నాలుగింటినీ ఒకే నీటిలో, ఒకే సబ్బుతో ఉతికాను. జపాన్‌లో కొజిమా బృందం 2019లో నల్ల ఆవులకు తెల్ల రంగుతో చారలు గీసి చేసిన ప్రయోగంలో ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చింది. రంగు వాసన వల్ల ఈగలు పోయాయేమో అన్న అనుమానం మిగలకుండా, వారు అదే రకం నల్ల రంగుతో నల్ల ఆవు మీద చారలు గీసి కూడా చూశారు. అరగంటలో మామూలు ఆవు మీద 128, నల్ల రంగు పూసినదాని మీద 111, తెల్ల చారల ఆవు మీద 55 ఈగలు. రంగు వాసన కాదు, చారే పని చేసిందని ఆ మధ్య అంకె ఒక్కటే చెబుతుంది.

20వ రోజు

గుడ్డ అంచు నుంచి జానెడు దూరంలోకి వచ్చిన ప్రతి ఈగకూ నోటుబుక్కులో ఎడమ వైపు ఒక గీత, వాలితే కుడి వైపు ఒక గీత. ఐదేసి గీతలను ఒక కట్టగా అడ్డంగా కొట్టుకుంటూ పోవాలి. ఈ రోజు పేజీ నా ముందే ఉంది. నల్ల గుడ్డకు రెండు వైపులా కట్టలు నిండుగా ఉన్నాయి. బూడిద గుడ్డకు ఎడమ వైపు నిండుగానే ఉన్నా, కుడి వైపు దాదాపు సగం. చారల గుడ్డ దగ్గర ఎడమ వైపు బూడిదదానితో పోటీ పడుతూ కిందికి దిగింది. కుడి వైపు రెండు కట్టలు కూడా పూర్తి కాలేదు.

చేతి లెక్కను పూర్తిగా నమ్మడానికి లేదు. ఏ గుడ్డ వేసి ఉందో నాకు తెలుసు కాబట్టి, తెలియకుండానే కన్ను ఒక పక్షం వహించవచ్చు. అందుకే ఫోనులో నెమ్మది వీడియో తీసి, ఇంటికి వచ్చి మళ్ళీ లెక్కపెడుతున్నాను.

21వ రోజు

నిన్నటి వీడియోలో ఒక ఎనిమిది సెకన్ల ముక్కను రాత్రంతా మళ్ళీ మళ్ళీ చూశాను. బూడిద గుడ్డ మీదికి వచ్చే ఈగ చివరి జానెడు దూరంలో వేగం తగ్గించి, ముందు కాళ్ళు చాచి, గాలిలో ఒక్క క్షణం ఆగినట్టై, మెత్తగా వాలుతుంది. చారల గుడ్డ మీదికి వచ్చిన ఈగ అలా చేయలేదు. వచ్చిన వేగంతోనే వచ్చి, కాళ్ళు సగం చాచి, గుడ్డకు గట్టిగా తగిలి, బంతిలా వెనక్కు ఎగిరింది. ఇంకొకటి తగలకుండానే గుడ్డ వెంబడి రాసుకుంటున్నట్టుగా సాగి, ఆవు మెడ దాటి వెళ్ళిపోయింది. దానికి ఎదురుగా తలం ఉందని తెలియనట్టే ఉంది.

2019లో టిమ్ కారో బృందం ఇంగ్లండ్‌లోని ఒక గుర్రపుశాలలో జీబ్రాలను, గుర్రాలను పక్కపక్కన ఉంచి వీడియోలు తీసినప్పుడు కనుగొన్నది ఇదే. జీబ్రాల దగ్గరకు ఈగలు గుర్రాల దగ్గరకు వచ్చినట్టే వచ్చాయి, వాలడం మాత్రం నాలుగో వంతుకు పడిపోయింది. వాలబోయే ముందు వేగం తగ్గించుకోవడంలో అవి విఫలమయ్యాయి. ఆ గుర్రాలకే చారల కప్పులు వేస్తే, కప్పు ఉన్న చోట ఈగలు తగ్గాయి, కప్పు లేని తల మీద తగ్గలేదు. చదివినప్పుడు ఈ సంగతి ఒక వాక్యంగా మాత్రమే అర్థమైంది. సొంత వీడియోలో ఆ ఈగ గుడ్డకు తగిలి ఎగిరిపడటం చూశాకగాని అది ఎంత కచ్చితమైన మాటో తెలియలేదు.

24వ రోజు

వేడి గురించిన వాదాన్ని పరీక్షించాలని మొదట అనుకున్నాను. నల్ల చారలు వేడెక్కి, తెల్ల చారలు చల్లగా ఉండి, వాటి మధ్య చిన్న గాలి సుడులు లేచి ఒంటిని చల్లబరుస్తాయన్నది ఆ వాదం. మైదాన జీబ్రాలలో చారల తీరుకు వాతావరణపు వేడితో సంబంధం కనిపిస్తోందని 2015లో బ్రెండా లారిసన్ బృందం చూపింది, కాబట్టి దాన్ని తేలికగా తీసివేయలేం. కాని వేడి ప్రాంతాలే ఈగల ప్రాంతాలు కూడా. హోర్వాత్ బృందం 2018లో నీళ్ళు నింపిన పీపాలకు జీబ్రా తోలు, ఇతర తోళ్ళు చుట్టి ఎండలో ఉంచి కొలిస్తే, చారల తోలు వల్ల నీరు ప్రత్యేకంగా చల్లబడలేదు. నా గుడ్డలతో ఇంతకంటే మెరుగైన కొలత సాధ్యం కాదు కనుక ఈ దారిని వదిలిపెట్టాను.

27వ రోజు

గుడ్డలు మారుస్తున్నప్పుడు పెద్దాయన ఒక మాట అన్నారు: "వీపు మీద ఎంతసేపు చూస్తావు బాబూ, అవి కాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటాయి. తోక అక్కడిదాకా అందదు కదా." వంగి చూస్తే నిజమే. ఆవు మాటిమాటికీ కాలు నేలకు కొడుతోంది, మోకాలి కింద ఎండిన రక్తపు చుక్కలున్నాయి.

ఇంటికి వచ్చి గుర్రం జాతి జంతువుల బొమ్మలన్నీ ముందు పెట్టుకున్నాను. నేడు బతికి ఉన్నవి ఏడు జాతులు, వాటిలో మూడు జీబ్రాలు. ఒళ్ళంతా చారలు లేని ఆఫ్రికా అడవి గాడిదలో సోమాలీ రకానికి కాళ్ళ మీద మాత్రం సన్నని అడ్డ చారలు ఉన్నాయి. గుర్రం జాతికి చెందని ఒకాపికి కూడా కాళ్ళ మీద, వెనుక భాగాన చారలు ఉన్నాయి. అయితే అది దట్టమైన అడవిలో బతుకుతుంది, దాని కథ వేరే కావచ్చు. 2014లో కారో బృందం ఈ జాతుల, ఉపజాతుల చారలను, అవి బతికే ప్రాంతాలను పక్కపక్కన పెట్టి, వేట జంతువులు, అడవి, వేడి, ఈగలు అన్న కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. చారలతో స్థిరంగా కలిసి నడిచింది కరిచే ఈగల బెడద ఒక్కటే.

31వ రోజు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తున్నాను: చర్మం చారను ఎలా గీస్తుంది?

1952లో గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ దీనికి ఒక గణిత రూపం ఇచ్చాడు. రెండు రసాయనాలున్నాయని, ఒకటి తన ఉత్పత్తిని తానే పెంచుకుంటూ, తనను అణచే దాన్ని కూడా పుట్టిస్తుందని, ఆ అణచేది మొదటిదానికంటే వేగంగా పాకుతుందని అనుకుందాం. మొదటిది ఒక చోట గుంపుగా పెరిగితే, చుట్టూ కొంత దూరం వరకు దాన్ని పెరగనివ్వని వలయం ఏర్పడుతుంది. ఆ వలయం దాటాక మళ్ళీ పెరుగుతుంది. ఏ చిత్రకారుడూ లేకుండానే సమాన దూరాల్లో మచ్చలో చారలో వస్తాయి. ట్యూరింగ్ చెప్పిన జంటనే కాకపోయినా, అదే కుటుంబానికి చెందిన గ్రే-స్కాట్ నమూనాను నేను ప్రోగ్రాముగా రాశాను. అందులో రెండవ పదార్థం మొదటిదాన్ని తిని పెరుగుతుంది, ఆ తిండి కొరతే అణచివేతగా పనిచేస్తుంది. 1993లో జాన్ పియర్సన్ ఈ నమూనాలో పుట్టే రూపాలను వర్గీకరించాడు.

200 నిలువు, 200 అడ్డ గళ్ళు. రెండు పదార్థాలు పాకే వేగాలు, అంటే వ్యాపన రేట్లు 0.16, 0.08; మొదటిదాన్ని నింపే పోషణ రేటు 0.035; రెండవదాన్ని తీసివేసే తొలగింపు రేటు 0.060. మొదటిసారి తొందరపడి కాలపు అడుగును, అంటే ఒక్కో మెట్టులో లెక్క ముందుకు జరిగే కాలాన్ని, 2గా పెట్టాను. కొద్ది మెట్లలోనే విలువలు అనంతానికి పోయి తెర ఖాళీ అయింది. గళ్ళ మీద వ్యాపనాన్ని ఈ పద్ధతిలో లెక్కించేటప్పుడు కాలపు అడుగు, వ్యాపన రేటుకు నాలుగు రెట్లతో ఒకటిని భాగిస్తే వచ్చేదాన్ని దాటకూడదు. ఇక్కడ ఆ హద్దు సుమారు 1.56. అడుగును 1కి తగ్గించగానే నడిచింది. మధ్యలో వేసిన చిన్న చతురస్రం ఉబ్బి, అంచులు చీలి, వేళ్ళలా పాకి, కొన్ని వేల మెట్ల తరువాత తెరంతా చిక్కుదారుల్లాంటి చారలతో నిండింది. తొలగింపు రేటును 0.065కి మార్చితే అదే ప్రోగ్రాము చుక్కలు పెట్టింది. చిరుతకూ జీబ్రాకూ మధ్య నా తెర మీద ఉన్న తేడా ఆ 0.005 మాత్రమే.

36వ రోజు

చిక్కుదారులు జీబ్రా చారలు కావు. జీబ్రా చార వెన్నెముకకు అడ్డంగా, క్రమంగా దిగుతుంది. దిక్కు ఎక్కడి నుంచి వస్తుంది? గళ్ళ వెడల్పును చారల మధ్య దూరం కంటే బాగా తగ్గించి, పొడవుగా, తోకలాంటి పట్టీగా చేసి, ఒక కొసన బీజం వేశాను. మెలికలు తిరగడానికి చోటు లేక చారలన్నీ ఒకదాని వెనుక ఒకటి అడ్డ కట్లుగా వచ్చాయి. ఒంటి మీద మచ్చలున్న జంతువుకు తోక కొసన చారలు ఉండవచ్చు గాని, ఒంటి మీద చారలున్నదానికి తోక మీద మచ్చలు ఉండవన్న గణిత శాస్త్రవేత్త జేమ్స్ మర్రీ సూత్రం ఇలాంటి లెక్క నుంచే వచ్చింది. చీటా తోక ఫొటోను తెర పక్కన పెట్టి చూసుకుంటే, చుక్కలు కొసకు పోయేకొద్దీ ఎలా కట్లుగా మారతాయో కనిపిస్తుంది.

జొనాథన్ బార్డ్ 1977లో చేసిన లెక్క నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే అందమైనదిగా అనిపిస్తుంది. మూడు జీబ్రాల చారల సంఖ్యలు వేరు: మైదాన జీబ్రాకు ఒక పక్క సుమారు 26, కొండ జీబ్రాకు సుమారు 43, గ్రేవీ జీబ్రాకు సుమారు 80. పిండంలో చారలు ఎప్పుడూ 0.4 మిల్లీమీటర్ల దూరంలోనే పడతాయనుకుని, పిండం అప్పటికి ఎంత పొడవుండాలో ఆయన వెనక్కు లెక్కకట్టాడు. గ్రేవీకి 80 చారలు పట్టాలంటే 32 మిల్లీమీటర్లు కావాలి. పిండం ఆ పొడవుకు చేరేది ఐదవ వారంలో. కొండ జీబ్రాకు నాలుగవ వారం, మైదాన జీబ్రాకు మూడవ వారం సరిపోతాయి. అంటే గీసే చెయ్యి ఒక్కటే, గీయడం మొదలుపెట్టిన వారమే వేరు. ముందు గీస్తే చారలు తక్కువై, పిండంతో పాటు సాగి వెడల్పవుతాయి. ఆలస్యంగా గీస్తే ఎక్కువై, సన్నగా మిగులుతాయి.

జీబ్రా పిండంలో ఆ రసాయనాలను ఎవరూ చేత పట్టుకుని చూపలేదు. కాని పెంపుడు పిల్లులలో 2021లో క్రిస్టఫర్ కేలిన్, గ్రెగరీ బార్ష్ తదితరులు, వెంట్రుకలు రంగు తేలకముందే పిండపు చర్మంలో మందమైన, పలుచని ప్రాంతాలు చారల వరుసలో ఏర్పడతాయని, అక్కడ డీకేకే4 అనే జన్యువు పనిచేస్తుందని చూపారు. అంతకు ముందు 2012లో, పిల్లుల చారలను సుడులుగా మార్చే జన్యువులోనే వచ్చే మార్పు చీటా మచ్చలను, రాజా చీటా అనే అరుదైన చీటా మీద ఉండే పట్టీలుగా మారుస్తుందని వారే కనుగొన్నారు. జన్యువు చారను గీయదు. చార తనంతట తాను గీసుకునే షరతులను మారుస్తుంది.

45వ రోజు

పాకకు తిరిగి వెళ్ళాను, ఈసారి గళ్ళ గుడ్డతో. చారల మీదుగా ఎగిరే ఈగకు కదలిక దిశ తప్పుగా తోస్తుందని, గుండ్రంగా తిరిగే చారల కంబం పైకి పాకుతున్నట్టు మనకు కనిపించే భ్రమ లాంటిదే అదని ఒక ఊహ ఉంది. అది నిజమైతే చారలకే ఆ శక్తి ఉండాలి, చదరంగపు గళ్ళకు ఉండకూడదు. 2020లో మార్టిన్ హౌ, కారో తదితరులు గుర్రాలకు గళ్ళ కప్పు వేసి చూస్తే, అదీ చారల కప్పు లాగే ఈగలను వాలనివ్వలేదు. నా నోటుబుక్కులోనూ గళ్ళ గుడ్డ కుడి వైపు చారల గుడ్డలాగే వెలితిగా ఉంది. నాలుగు పూటల లెక్కే కాబట్టి దీన్ని నా సొంత రుజువుగా చెప్పుకోను. ఈగను తికమకపెట్టేది చార ఆకారం కాకపోవచ్చు. దగ్గరకు రాగానే ఒక్కసారిగా ఎదురయ్యే తీవ్రమైన నలుపు తెలుపు అంచులూ, తలం ముక్కలుముక్కలై కనిపించడమూ కావచ్చు.

అలాగైతే జీబ్రాకు గళ్ళు ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న వేసుకోగానే, నెలన్నరగా వేరువేరు పుటల్లో రాసుకుంటున్న రెండు పనులూ ఒక చోటికి వచ్చాయి. ఈగ కంటికి గళ్ళయినా చారలైనా ఒకటే కావచ్చు. చర్మానికి మాత్రం కాదు. ఈ సాయంత్రం గ్రే-స్కాట్ ప్రోగ్రామును పోషణ, తొలగింపు రేట్ల జంటలు ఎన్నో మార్చి వరుసగా నడిపాను. చుక్కలు వచ్చాయి, రంధ్రాల వలలు వచ్చాయి, చిక్కుదారులు వచ్చాయి, పట్టీ సన్నగా ఉన్నచోట అడ్డ కట్లు వచ్చాయి. నిటారు మూలలున్న చదరాలు నల్లనిదాని పక్కన తెల్లనిదిగా అమరిన రూపం ఒక్క జంటకూ రాలేదు. పిండపు చర్మం సులువుగా గీయగల రూపాలలో ఈగ వాలలేని రూపం ఏదైనా ఉంటే, ప్రకృతి చేసే ఎంపికకు అందుబాటులో ఉన్నది అదే.

46వ రోజు

కాళ్ళకు చుట్టే చారల పట్టీలు కుట్టడానికి ఇచ్చాను. ఈ ఆలోచన పెద్దాయనది. వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంచమన్నాను, ఎందుకంటే జీబ్రా కాళ్ళ చారలు ఒంటి చారల కంటే సన్నగా ఉంటాయి. ఒక డిగ్రీ లెక్క ప్రకారం ఇవి ఈగకు చారలుగా కనిపించేది సుమారు ఎనభై ఆరు సెంటీమీటర్ల లోపలే. కెమెరాను కాలికి మీటరు దూరంలో, మోకాలి ఎత్తులో నిలబెట్టాలి. ఒక కాలికి చారల పట్టీ, పక్క కాలికి అదే గుడ్డలో బూడిద పట్టీ. పూట మారినప్పుడల్లా కాళ్ళు మార్చాలి.